తడవని నోట్సు

ఫోన్‌లో వచ్చిన ఆ సందేశాన్ని నేను రెండుసార్లు చదివాను. ఒకసారి తెర మీద వేలు పెట్టి, ఒకసారి పెట్టకుండా. అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నవాళ్లకు మొదటిసారి చదివితే మాటలు తెలుస్తాయి, రెండోసారి చదివితే విషయం తెలుస్తుంది. పన్నెండేళ్ల తర్వాత మా డిగ్రీ క్లాసు వాళ్లమంతా కలుసుకుంటున్నామనీ, శనివారం జగిత్యాలలో మేం చదివిన కాలేజీలోనే సమావేశమనీ, ఆదివారం పొద్దున అందరం ఒకే బస్సులో వేములవాడ దర్శనానికి పోతామనీ అందులో ఉంది. కింద ఇంకో వాక్యం ఉంది. "ప్రతి ఒక్కరూ తమ డిగ్రీ పట్టా వెంట తెచ్చుకోగలరు. పట్టాలతో గ్రూపు ఫోటో ఉంటుంది."

ఆ వాక్యం దగ్గర నా వేలు ఆగిపోయింది. మా క్లాసులో నా పక్కన మూడేళ్లు కూర్చున్న మనిషికి పట్టా లేదు. ఒక్క సబ్జెక్టు తప్పి ఆగిపోయింది. ఆమె ఆగిపోవడానికి కారణం నేను. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదనే అనుకుంటూ వచ్చాను.

శుక్రవారం నాడు సంచి సర్దుకున్నాను. లామినేషన్ చేయించిన నా పట్టా పెట్టాను. దాని కింద పాత నోట్సు పెట్టాను. అది దుకాణంలో కొన్న పుస్తకం కాదు. తెల్లకాగితాలు మడిచి, బీడీలకు చుట్టే గులాబీరంగు దారంతో నేనే కుట్టుకున్నది. దాన్ని ఆమె చేతిలో పెట్టి, అప్పుడు నేను చెప్పింది అబద్ధమని ఒప్పుకోవాలి. సమావేశానికి పోవడంలో నా పని అదే.

మాది మామూలు కాలేజీ చదువు కాదు. పదో తరగతి లేకున్నా పరీక్ష పెట్టి చేర్చుకునే ఓపెన్ డిగ్రీ. ఆదివారాలు మాత్రమే జగిత్యాలలో క్లాసులుండేవి. వారమంతా పిల్లలు కూర్చునే బెంచీల మీద ఆదివారం మేం కూర్చునేవాళ్లం. అంగన్‌వాడీ టీచర్లు, హోంగార్డులు, ఒక ఆర్టీసీ కండక్టరు, నాలాంటి బీడీల ఆడవాళ్లు. మోకాళ్లు బెంచీకి తగిలేవి. 

నాది కోరుట్ల. ఊహ తెలిసినప్పటి నుంచి ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చేసినదాన్ని. ముప్పై ఆరేళ్లు వచ్చేదాకా నాకు అక్షరం ముక్క రాదు. ఒకసారి మెట్‌పల్లికి పోవాల్సినదాన్ని, ఎవరినీ అడగడానికి మొహం చెల్లక, కనిపించిన బస్సెక్కి జగిత్యాలలో దిగాను. ఆ వారమే మా వాడలో సాయంత్రం బడికి పోవడం మొదలుపెట్టాను. బస్సు బోర్డు చదవగలిగితే చాలనుకున్నాను. బోర్డు వచ్చాక ఆగబుద్ధి కాలేదు.

అన్నీ వచ్చాయి కానీ దీర్ఘాలు మాత్రం నాకు లొంగలేదు. పాలు అని రాయమంటే పలు అని రాసేదాన్ని. సాయంత్రం బడిలో చెప్పే అమ్మాయి విసిగిపోయి, "అక్కా, అనుమానం అచ్చిన కాడల్లా దీర్ఘం పెట్టెయ్యి, సగమన్న కరెక్టయితయి" అంది. ఆమె వేళాకోళానికి అన్నదేమో. నేను మాత్రం అదే పట్టుకున్నాను. ఇప్పటికీ నా రాతలో అవసరం లేనిచోట దీర్ఘాలుంటాయి.

డిగ్రీ మొదటి ఆదివారం నా పక్కన వచ్చి కూర్చున్నామె సిరిసిల్ల నుంచి వచ్చింది. టైలరు. వాళ్లింట్లో ఉర్దూ మాట్లాడతారు. చిన్నప్పుడు ఉర్దూ చదువుకుంది, తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం మాత్రం నాలాగే పెద్దయ్యాక నేర్చుకుంది. మా దగ్గర ఉర్దూ మాట్లాడే ఆడవాళ్లను ఆపా అని పిలవడం అలవాటు. నేనూ అలాగే పిలిచాను. 

"ఆపా అంటె అక్క అని ఎర్కనా నీకు?" అంది ఆమె. "నిన్ను చూస్తె నాకంటె పదేండ్లు పెద్దగున్నవు." 

"మరేమని పిలవాలె?" 

"పిలువు తియ్. నేను నిన్ను అక్కా అంట, నువ్వు నన్ను ఆపా అను. ఎవలు పెద్దనో ఎవలకు ఎర్కగాదు." 

అలా ఇద్దరం ఒకరికొకరం అక్కలమయ్యాం. నా నంబరు ఇరవై ఆరు, ఆమెది ఇరవై ఏడు. సిరిసిల్ల బస్సు తరచూ ఆలస్యమయ్యేది. హాజరు పిలిచేటప్పుడు సారు ఇరవై ఏడు అనగానే నేనే లేచి, "అస్తుంది సార్, బస్సుల ఉన్నది" అనేదాన్ని. మధ్యాహ్నం ఆమె డబ్బాలో నేను, నా డబ్బాలో ఆమె తినేవాళ్లం. పుస్తకం మధ్యలో పెట్టుకుని చెరో వాక్యం చదివేవాళ్లం. ఆమె వేలు అప్పుడప్పుడూ అలవాటున కుడి నుంచి ఎడమకు జరిగేది. నేను పట్టుకుని ఇటు తిప్పేదాన్ని.

శనివారం కాలేజీకి చేరేసరికి గేటుకు ఫ్లెక్సీ కట్టి ఉంది. మా క్లాసు కండక్టరు, నేను తమ్ముడని పిలిచేవాడు, ఈ సమావేశమంతా నెత్తిన వేసుకున్నవాడు, గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. జుట్టంతా నెరిసిపోయింది. 

"పెత్తనం అక్క అచ్చింది! జరుగుండ్రి, జరుగుండ్రి!" అని అరిచాడు. 

నలుగురు నవ్వారు. నేనూ నవ్వాను. పన్నెండేళ్లు దాటినా ఆ పేరు పోలేదు. అది ఎలా వచ్చిందో తర్వాత చెబుతాను. 

"టికెట్ ఎంత తీసుకున్నడక్కా కోరుట్ల నుంచి?" 

"ఆడోళ్లకు జీరో టికెట్టే గదా ఇప్పుడు. నీ కొలువుకే ఎసరు." 

"మా కొలువు ఏడికి పోదక్కా. జీరో టికెట్ గూడ మేమే కొట్టాలె." 

నేను అతనితో మాట్లాడుతూనే లోపలికి చూస్తున్నాను. మా పాత గదిలో కుర్చీలు వేశారు. మా బెంచీ ఉండే చోటికి వెళ్లి, పక్క కుర్చీలో సంచి పెట్టి కూర్చున్నాను. ఎవరైనా వచ్చి "ఖాళీయేనా?" అంటే "అస్తున్నరు" అన్నాను. 

మాకు రాజనీతి శాస్త్రం చెప్పిన సారు రిటైరయ్యారు. కర్ర పట్టుకుని వచ్చారు. ఆయనకు శాలువా కప్పాక, అందరూ కోరితే, వెనకటిలాగే హాజరు పిలవడానికి ఒప్పుకున్నారు. పేర్లు వద్దు సార్, నంబర్లే పిలవండి అన్నారెవరో. ఒకటి, రెండు, మూడు. పెద్దపెద్ద మనుషులు లేచి నిలబడి ప్రెజెంట్ సార్ అంటుంటే గదంతా నవ్వులు. తొమ్మిది పిలిచినప్పుడు ఎవరూ లేవలేదు. రెండేళ్ల కింద పోయాడని చెప్పారు. సారు పది పిలిచారు. 

ఇరవై ఆరు అన్నప్పుడు నేను లేచాను. వెనక నుంచి, "పెత్తనం అక్క లేకుంటె క్లాసు ఎట్ల నడుస్తది సార్!" అని ఒక గొంతు. 

"ఇరవై ఏడు." 

నేనింకా నిలబడే ఉన్నాను. బస్సులో ఉంది సార్ అనే మాట నోటిదాకా వచ్చింది. పక్క కుర్చీలో నా సంచి ఉంది. 

"ఆమె రాలే సార్," అన్నాడు కండక్టరు తమ్ముడు. "ఫోన్ చేస్తె కుట్టుపని ఉన్నదన్నది." 

సారు ఇరవై ఎనిమిది పిలిచారు. నేను కూర్చున్నాను. 

తర్వాత మెట్ల మీద ఫోటో. ఫోటో తీసే పిల్లగాడు "పట్టాలు పైకి, ఇంక పైకి" అంటుంటే అందరం రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాం. ఎండకు లామినేషన్ మెరిసి నాకు కళ్లు మూసుకుపోయాయి. ఆమె ఎందుకు రాలేదో నాకు ఆ మెట్ల మీద పూర్తిగా అర్థమైంది. 

భోజనాల దగ్గర కండక్టరు తమ్ముణ్ని పక్కకు పిలిచాను. 

"తమ్మీ, పట్టా తెచ్చుకోమని ఎందుకు రాసినవు?" 

"ఫోటో మంచిగ అస్తదని. ఏమైందక్కా?" 

"ఇరవై ఏడుకు పట్టా లేదు గద." 

అతను చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. "అరె... నాకు తట్టనే లేదక్కా. నిజంగ తట్టలే. ఆమె అందర్లకంటె మంచిగ చదువుతుండె గద, అయిపోయిందనే అనుకున్న." 

"ఒక్క సబ్జెక్టే. ఇప్పుడు రాయొచ్చా?" 

"యాడ రాస్తది? దాని గడువు ఎప్పుడో దాటిపోయింది. ఇప్పుడంటె మల్ల మొదటి నుంచి చేరుడే." 

ఆ మాట విన్నాక తినాలనిపించలేదు. నోట్సు ఇచ్చి, ఆలస్యమైంది కానీ ఇప్పుడన్నా రాయి ఆపా, అందామనుకున్నాను. ఎన్నో రోజుల నుంచి ఆ వాక్యం మనసులో తయారు చేసుకుని పెట్టుకున్నాను. ఇక ఆ నోట్సుతో ఆమెకు పని లేదు. పని లేని వస్తువును పట్టుకుపోయి ఏమని ఇవ్వాలి?

పెత్తనం పేరు సంగతి చెబుతానన్నాను. అది రెండో ఏడు చివర. ఇంటి దగ్గర రాసుకురమ్మని సారు ఒక ప్రశ్న ఇచ్చారు, రాజ్యం ఎలా పుట్టిందని. పుస్తకంలో అది సామాజిక ఒడంబడిక అని పెద్ద పెద్ద మాటల్లో ఉంది. నేను క్లాసులో విన్నది విన్నట్టు, మా వాడలో ఎవరికైనా చెప్పినట్టు రాసుకునేదాన్ని. మాట్లాడే భాష వేరు, రాసే భాష వేరు అని నాకు ఎవరూ చెప్పలేదు. రాయడమంటే మాట్లాడింది కాగితం మీద పెట్టడమే అనుకున్నాను. 

సారు నా కాగితం తీసి అందరికీ వినిపించారు. "అందరు ఒకకాడ కూసున్నరు. గిట్ల కొట్లాడుకుంట ఎన్నొద్దులు బతుకుతం అనుకున్నరు. ఒకనికి పెత్తనం ఇచ్చిండ్రు. గదే రాజ్యం." 

గది గదంతా నవ్వింది. సారు చెడ్డవారు కాదు. "భావం చక్కగా ఉందమ్మా, భాష మాత్రం మార్చుకోవాలి" అన్నారు. కానీ అప్పటికే కండక్టరు తమ్ముడు, "అక్కా, పెత్తనం ఇచ్చినోళ్లు మల్ల గుంజుకునుడు ఎట్లనో గూడ రాయకపోతివి!" అన్నాడు. మళ్లీ నవ్వులు. ఆ రోజు నుంచి నేను పెత్తనం అక్కనయ్యాను. వాళ్లు ప్రేమగానే పిలిచేవారు. అది నాకిప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం బెంచీ మీద ఎవరో చెక్కిన గీతలు చూస్తూ కూర్చున్నాను. ముప్పై ఆరేళ్లు చదువు రాదని ఎవరికీ తెలియకుండా తిరిగినదాన్ని. చదువు వచ్చాక నవ్వుతారని అనుకోలేదు. 

ఆ తర్వాత నా నోట్సు ఎవరికీ చూపలేదు. అదే భాషలో రాసేదాన్ని, ఇంకోలా రాస్తే నాకే తలకెక్కేది కాదు. ఇంట్లో అది చూసుకుని, పరీక్షలో మాత్రం పుస్తకం మాటల్లోకి మార్చి రాసేదాన్ని. 

మూడో ఏడు పరీక్షలకు నెల రోజుల ముందు ఆపా అడిగింది. "అక్కా, రాజనీతి నోట్సు రెండు దినాలు ఇయ్యి. గీ పుస్తకం తెలుగు నాకు ఎక్కుతలేదు. సగం మాటలు నేను ఇంట్ల గిట్ల ఎన్నడు విననియే. నువ్వు రాసుకున్నది అయితె సమజైతది." 

ఆమె నన్ను ఓదార్చడానికి అంటోందనుకున్నాను. నోట్సు ఆమె సంచిలో సిరిసిల్లకు పోతుంది, అక్కడ ఎవరో చూస్తారు, దీర్ఘాలు చూస్తారు, చదివి వినిపించుకుంటారు, మళ్లీ నవ్వుతారు. అదంతా ఒక్క నిమిషంలో నా కళ్ల ముందు కనిపించింది. 

"ఏడున్నది ఆపా," అన్నాను. "తునికాకు తడుపుతుంటె నీళ్లల్ల పడ్డది. అంత తడిసి ముద్దయింది. పారేసిన." 

బీడీలు చేసే ఇంట్లో ఆకు కత్తిరించే ముందు నీళ్లలో తడపాలి. గంపలు, బకెట్లు ఎప్పుడూ ఉంటాయి. అందుకే ఆ అబద్ధం అంత తొందరగా దొరికింది. నమ్మదగ్గ అబద్ధం కూడా. 

"అయ్యో," అంది ఆమె. "మరి నువ్వెట్ల చదువుతవు?" 

నేను ఏం జవాబు చెప్పానో గుర్తు లేదు. ఆమె అలా అడిగిందని మాత్రం గుర్తుంది. 

ఆమె ఆ ఒక్క సబ్జెక్టే తప్పింది. ఫలితాలు వచ్చిన రోజు ఫోన్ చేస్తే, "ఖైర్, పోనీ అక్కా. నువ్వు పాసైనవు గద" అంది. ఇంకో ఆర్నెల్లకు రాయవచ్చు కదా అన్నాను. చూస్తానంది. రాయలేదు. పండుగలకు ఫోన్ చేసుకునేవాళ్లం. ఆ తర్వాత ఆమె చేసేది కాదు, నేనే చేసేదాన్ని. ఆ తర్వాత నేనూ మానేశాను. 

ఆదివారం బస్సు వేములవాడలో ఆగింది. అందరూ దిగి చెప్పులు ఎక్కడ పెట్టాలని చూసుకుంటుంటే నేను సంచి పట్టుకుని బస్‌స్టాండు వైపు తిరిగాను. 

"అక్కా, దర్శనం విడిచిపెట్టి ఏడికి?" అన్నాడు కండక్టరు తమ్ముడు. 

"సిరిసిల్లకు." 

అతనికి అర్థమైంది. "నన్ను గూడ రమ్మంటవా? పట్టా ముచ్చట నాదే తప్పు." 

"వద్దు తమ్మీ. నీ తప్పు చిన్నది." 

"రెండు గంటలకు బస్సు కదులుతది మల్ల." 

"నేను రాకుంటె ఎల్లిపొండ్రి." 

సిరిసిల్లలో సాంచాల వాడ అడిగి, అక్కడ టైలరు ఆపా ఇల్లు అడిగాను. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. ఆ చప్పుడు వీధి మొదట్లోనే మొదలైంది. ఆమె ఇంట్లోనూ వినబడుతూనే ఉంది. కిటికీ పక్కన మిషను ఉంది. నేల మీద పాత పేపరు పరిచి, దాని మీద పెన్సిలుతో జాకెట్టు కొలతలు గీస్తోంది. నన్ను చూసి పెన్సిలు చెవి మీద పెట్టుకుంది. 

"అక్కా! నువ్వేందే గిట్ల చెప్పకుంట?" 

"చెప్తె ఉంటవో ఉండవో అని." 

"ఏడికి పోత? కూసో." కుర్చీ మీది గుడ్డలు తీసి పక్కన వేసింది. "పోయినవా నిన్న? అందరు అచ్చిండ్రా?" 

"అచ్చిండ్రు. నీ నంబరు పిలిచిండు సారు." 

ఆమె కత్తెర తీసుకుని పేపరు కత్తిరించసాగింది. కత్తిరించే ముందు ఒకచోట ఆగి, పెదవులు కదిలించకుండా కాసేపు చూసింది. 

"చదువుతున్నవా?" అన్నాను. 

"కటింగుకు ముందు ఒకసారి చదువుత. లేకుంటె సగం వార్త మెడ కిందికి పోతది, సగం భుజం మీదికి పోతది. తర్వాత ఏమైందో ఎర్కగాదు." నవ్వింది. "గిట్ల పన్నెండేండ్ల నుంచి చదువుతున్న. ఇప్పుడు నీకంటె మంచిగ అస్తది తెలుగు." 

అది నిజమేనని చూస్తే తెలిసింది. ఆమె వేలు పెట్టడం లేదు. 

నేను సంచి తెరిచి నోట్సు తీసి, పేపరు మీద, ఆమె గీసిన గీతల పక్కన పెట్టాను. 

"ఆపా, గీ నోట్సు నీళ్లల్ల పడలే. నేను అబద్ధమాడిన." 

ఆమె నోట్సు ముట్టుకోలేదు. దారం వైపు చూసింది. 

"ఎర్కనే," అంది. 

సాంచాల చప్పుడులో నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. 

"ఎర్కనే అక్కా. పరీక్ష దినం నువ్వు సైకిల్ స్టాండు కాడ కూసోని చదువుతున్నవు. నేను అస్తుంటె చూసి సంచిల పెట్టినవు. గా గులాబి దారం నేను గుర్తువట్టనా? దారాలతోనే గద నా పని." 

"మరి అడగకపోతివి?" 

"ఏమని అడుగాలె? లోపలికి పోయె గంట కొట్టిండ్రు." 

కత్తిరించిన ముక్కను మడతలు పెట్టింది. మళ్లీ విప్పింది. "నువ్వు ఎందుకు ఇయ్యలేదో గూడ నాకు ఎర్కనే అనుకున్న. గీమెకు ఇచ్చుడు దండుగ, ఎట్లయిన తప్పుతది, అనుకున్నవనుకున్న." 

"ఆపా..." 

"ఆగు, చెప్పనియ్యి. సార్లకు నేనెవలో ఎర్కలేదు. మా ఇంట్లోళ్లకు నేను ఏం చదువుతున్ననో ఎర్కలేదు. నాకెంత అస్తది, ఎంత రాదు, నీకొక్కదానికే ఎర్క. మూడేండ్లు పక్కపొంటి కూసున్నవు. నువ్వే నాతోని గాదు అనుకున్నంక, మల్ల రాసుడెందుకు? అందుకే విడిచిపెట్టిన." 

ఒక్క సబ్జెక్టు తప్పడం నా తప్పనుకున్నాను. అదే మోస్తూ వచ్చాను. మళ్లీ రాయకపోవడం, గడువు దాటిపోవడం, నిన్న ఆ మెట్ల మీదికి రాకపోవడం కూడా నా తప్పేనని ఆ క్షణం దాకా నాకు తెలియదు. పండుగలకు చేసుకున్న ఫోన్లలో ఒక్కదాంట్లోనైనా నిజం చెప్పి ఉంటే ఆమె మళ్లీ రాసేది. అప్పట్లో గడువుంది. 

"సిగ్గుతోని ఇయ్యలే ఆపా," అన్నాను. "అండ్ల అన్నీ తప్పులే. మాట్లాడినట్టే రాసిన. పెత్తనం ముచ్చటకు నవ్వినట్టు మల్ల నవ్వుతరని భయపడ్డ. నీ గురించి నేను గట్ల ఎన్నడు అనుకోలే. నాకంటె నువ్వే మంచిగ రాస్తవనుకున్న." 

ఆమె చేతిలోని పేపరు ముక్క కింద పెట్టింది. 

"ఆ దినం అందరు నవ్విండ్రు. నేను నవ్విన్నా?" 

ఆమె నవ్విందో లేదో నాకు తెలియదు. నేను తలెత్తి చూడలేదు. పక్కనే కూర్చున్న మనిషి వైపు కూడా. 

"నేను నవ్వలే," అంది. "అందరు కూసోని ఒకనికి పెత్తనం ఇచ్చిండ్రు. పుస్తకంల నాలుగు పేజీలు చదివిన, సమజ్ కాలే. నీ మాట ఇన్నంక అయ్యింది. అందుకే అడిగిన నోట్సు. నీ మీద జాలితోని అడగలే." 

నోట్సు చేతిలోకి తీసుకుంది. మధ్యలో తెరిచి చదివింది. ఒకచోట నవ్వింది. ఇంకో పేజీ తిప్పి, "గిది గూడ మంచిగ చెప్పినవు" అంది. నాతో కాదు, తనలో తాను అన్నట్టు. పేజీలు తిప్పుతూ పోయింది. చాయ్ తాగుతావా అని అడుగుతుందేమోనని చూశాను. ఆమె అడగలేదు. 

చివర పేజీ దగ్గర ఆగింది. అది ఖాళీగా ఉంది. చెవి మీది పెన్సిలు తీసి నాకిచ్చింది. 

"గిండ్ల రాయి." 

"ఏమని?" 

"ఇప్పుడు చెప్పింది. నోటితోని ఆ దినం గూడ చెప్పినవు, నీళ్లల్ల పడ్డదని. నేను నమ్మిన. నోటిది వద్దు నాకు. రాసియ్యి." 

నేను నోట్సు ఒళ్లో పెట్టుకున్నాను. పుస్తకం మాటల్లో రాద్దామని మొదలుపెట్టి ఆగిపోయాను. ఆ మాటల్లో రాస్తే అది నేను చెప్పినట్టు ఉండదు. ఆమె అడిగింది ఇప్పుడు చెప్పింది రాయమని. నోట్సు నీళ్లల్ల పడలే అని రాశాను. కింద ఇంకో వరుస రాశాను. ఆపాకు నోట్సు. తర్వాత మాట దగ్గర దీర్ఘం ఎక్కడ వస్తుందో అనుమానం వచ్చింది. అనుమానం వచ్చింది కాబట్టి పెట్టాను. రెండు చోట్లా వచ్చింది, రెండు చోట్లా పెట్టాను. 

ఆమె తీసుకుని చదివింది. పెదవులు కదల్లేదు. కానీ ఒకసారి చదివి ఆగలేదు, మళ్లీ చదివింది. 

"అక్కా, గిదేం రాసినవు? ఇయ్యలే అనా, ఇయ్యాలె అనా?" 

వంగి చూశాను. ఆపాకు నోట్సు ఇయ్యాలే, అని ఉంది. ఇయ్యలేదు అనుకుంటే అలాగే ఉంది. ఇవ్వాలి అనుకుంటే అలాగే ఉంది. ఏ దీర్ఘం కొట్టేయాలో, ఏది ఉంచాలో నాకు తెలియలేదు. 

"ఇయ్యలే అనే రాసిన," అన్నాను. "ఇటియ్యి, దిద్దుత." 

ఆమె పెన్సిలు నా చేతిలోంచి తీసుకుని మళ్లీ చెవి మీద పెట్టుకుంది. నోట్సు మూసి, గులాబీ దారం ఊడినచోట వేలితో తడిమింది. కటింగు పేపర్ల దొంతర పక్కనే ఉంది. దాంట్లో పెట్టలేదు. లేచి, లోపలి గదిలోకి తీసుకుపోయింది. అక్కడ ఎక్కడ పెట్టిందో నాకు కనిపించలేదు. 

తిరిగి వచ్చి మిషను ముందు కూర్చుంది. 

"బస్సు ఎన్నింటికి?" 

"రెండు గంటలకు అన్నరు." 

"అయిపోయింది గద అక్కా, రెండున్నర అయితుంది," అంది. సూదిలోకి దారం ఎక్కిస్తూ, నా వైపు చూడకుండా. 

నేను లేచి సంచి భుజానికి వేసుకున్నాను. అందులో పట్టా ఒక్కటే మిగిలింది.